పట్టా వచ్చింది, పద్దు రాలేదు

మా కాలేజీలో బి.కాం. చదివి, పై ఊళ్లో ఎం.బి.ఏ. ముగించిన శిష్యుడొకడు ఈమధ్య మా ఇంటికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. బట్టలకొట్టులో లెక్కల ఉద్యోగానికి వెళితే షావుకారు రెండు పనులు చెప్పాడట. ఒకటి, ఆ నెల జి.ఎస్.టి. రిటర్ను తయారుచెయ్యడం. రెండు, పాత బాకీదారుకు మనసు నొచ్చకుండా తెలుగులో ఉత్తరం రాయడం.

"రెండూ చేతకాలేదు మాష్టారూ!" అన్నాడు.

జి.ఎస్.టి. నిర్వచనం పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాడే! ఇక ఉత్తరం మాటకొస్తే తప్పు నాదే. అలంకారాలు చెప్పాను గాని, బాకీ అడిగే మర్యాద చెప్పలేదు.

చిట్టా, ఆవర్జాల నాడు కుర్రవాణ్ణి గుమాస్తా పక్కన కూర్చోబెట్టి పని నేర్పేవారు. ఇప్పుడా? 2017 జూలై 1న వచ్చిన జి.ఎస్.టి.లో, 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా వస్తువుల మీద 12 శాతం పన్ను 5కూ, 28 శాతం 18కీ దిగాయి. పాఠ్యపుస్తకం అంత జోరుగా పరుగెత్తగలదా? కనుక మార్చవలసింది పుస్తకం ఒక్కటే కాదు, పరీక్ష కూడా. బిల్లుల కట్ట చేతికిచ్చి లెక్క తేల్చమనాలి. కొన్నాళ్లు కొట్లోనో, బ్యాంకులోనో కూర్చోబెట్టాలి. రేటు మారితే తనంతట తాను తెలుసుకునే అలవాటు చెయ్యాలి.

ఈ ఏడు నా తరగతిలో మొదటి వ్యాసం బాకీ ఉత్తరమే. శిష్యుడి చేత నాలుగుసార్లు తిరగరాయించాను. నాలుగోది చదివితే, నాకే ఎవరికో బాకీ ఉన్నట్టనిపించింది!