బరిలో తలకెవరు కాపు?

2021వ సంవత్సరము మార్చి 22వ తేదీ సాయంకాలము, 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలను కన్నులార చూడవలెనని సూర్యాపేట పోలీసు కవాతు మైదానమునకు తరలివచ్చిన జనము కిక్కిరిసి కూర్చున్న గ్యాలరీ ఒక్కసారిగా కూలిపోయి, నూరుమందికి పైగా గాయపడిరి. దానిని కట్టినదెవరు, దాని బలమును పరీక్షించినదెవరు, అంతమందిని దానిమీదికి ఎక్కనిచ్చినదెవరు అని నాడు రాష్ట్రమంతయు ప్రశ్నించెను, ప్రశ్నింపవలసినదే. అయితే ప్రేక్షకుల ఎముకలు విరిగినప్పుడు లేచిన ఆ ప్రశ్న, బరిలోని ఆటగాని తల నేలకు కొట్టుకొన్నప్పుడు మాత్రము లేచుట అరుదు. ఆ దెబ్బ ఆటలో భాగమనియు, దానిని ఓర్చుకొనుట ఆటగాని ధర్మమనియు మనము ఏనాడో తీర్మానించుకొంటిమి. ఆ తీర్మానమును పునర్విచారము చేయవలసిన కాలము వచ్చినదని నా నమ్మకము.

సంక్రాంతికిని, జాతరలకును నల్లగొండ, పాలమూరు మెట్టసీమలలో కబడ్డీ బరి గీయని ఊరు అరుదు. పెద్దగట్టు, చెర్వుగట్టు, మన్నెంకొండ, కురుమూర్తి, ఏ కొండ క్రింద తీర్థము సాగినను, ఆ చుట్టుపట్ల ఏదో ఒక బడి ఆవరణలోనో, కోత ముగిసిన చెల్కలోనో సున్నముతో గీతలు గీసి, గుంజలకు దీపములు కట్టి, తెల్లవారువరకు పోటీలు నడుపు యువజన సంఘములు కలవు. ముప్పది సెకనుల కూతలో ఒక్కడు ఏడుగురి నడుమకు పోయి తాకి తిరిగి రావలెనను ఈ క్రీడలో మానవదేహము ప్రదర్శించు చురుకుదనము, ధైర్యము, సమయస్ఫూర్తి మరి యే క్రీడలోను ఇంత తక్కువ ఖర్చుతో కానరావు. బంతి అక్కరలేదు, బ్యాటు అక్కరలేదు, బూట్లు సైతము అక్కరలేదు. పేదవాని పల్లెలో పుట్టి 1990లో బీజింగు ఏషియా క్రీడలకెక్కిన ఆట ఇది. దీనిని మానుడని చెప్పుటకు నేను ఈ వ్యాసము వ్రాయుటలేదు. దీనిని ఆడువారి తలలు పదికాలములపాటు చల్లగా ఉండవలెనని వ్రాయుచున్నాను.

ఈ ఆటలో తలకు దెబ్బ తగులు తీరు రగ్బీలో తగులు తీరునకు మిక్కిలి దగ్గర. కూతకు వచ్చిన రైడరు చీలమండను అందుకొనుటకు మూలనున్న ఆటగాడు నేలబారున ముందుకు దూకును. అదే క్షణమున రైడరు కాలు విదిల్చుకొని వెనుదిరుగును. వాని మోకాలో, మడమయో దూకినవాని కణతకు తగులును. చేయి చేయి పట్టుకొని గొలుసుగా నిలిచినవారు ఇరువైపులనుండి ఒకేసారి మీదపడినప్పుడు రైడరు తప్పించుకొనిపోగా వారి తలలే ఒకదానికొకటి కొట్టుకొనును. తొడ పట్టి పైకెత్తి వెల్లకిల పడవేసినప్పుడు తల వెనుకభాగము నేలను తాకును. భుజముతో గుద్ది గీత దాటించినప్పుడు, లాబీకి ఆవల పడినచోట జనము కూర్చున్న బల్లయో, మైకు కట్టిన గుంజయో ఉండవచ్చును. పెద్దపోటీలలో పరచు మెత్తని మ్యాటు మన ఊరి బరిలో లేదు. మొరము కలిసిన ఎఱ్ఱమట్టికి సాయంకాలము నీళ్ళు చల్లి మెత్తన చేసినను, రాత్రి ఆట ముదురుకొలది అది మరల గట్టిపడును. రగ్బీని పరిశీలించినవారు కనుగొన్న విశేషమొకటి ఇచ్చట చెప్పవలెను: బంతితో పరుగెత్తువానికంటె వానిని పట్టబోవువాని తలకే ఎక్కువ గాయములగుచున్నవి. మన మూలఆటగాళ్ళు ఈ మాటను జ్ఞాపకముంచుకొందురు గాక.

దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల జరుగునదేమి? కుదిపిన కుండలోని పెరుగువలె, మెదడు పుర్రెలో కదలి, సాగి, మెలితిరిగి, దాని నాడీతంతువుల పని కొంతకాలము తారుమారగును. పైకి నెత్తురు కానరాదు, ఎముక విరుగదు, స్కాను తీసినను చాలసారులు ఏమియు కనిపింపదు. స్పృహ తప్పినప్పుడే తలదెబ్బ అని మనవారనుకొందురు గాని, ఇట్టి గాయము తగిలిన పదిమందిలో ఒకరు మాత్రమే స్పృహ తప్పుదురు. తక్కినవారికి తల తిరుగును, వాంతి వచ్చును, వెలుతురు గిట్టదు, స్కోరెంత అని ఒకసారి అడిగినవాడు అదే ప్రశ్నను మరల మరల అడుగును, తన జట్టు గీతకు ఏవైపున నున్నదో మరచును. అప్పుడు మన బరిచుట్టు ఏమి వినిపించును? “ఏం గాలె, లెవ్వురా!” అని ఒకరు, “మొఖం మీద నీళ్లు కొట్టుండ్రి” అని ఒకరు, “ఇంకో కూతకు పోతే సర్దుకుంటది” అని మరియొకరు. వాడు లేచును, జనము చప్పట్లు కొట్టును, ఆ చప్పట్లలోనే ప్రమాదమున్నది.

ఏలయన, లేచి నడిచినవాడెల్ల క్షేమముగా నున్నట్లు కాదు. భారతజట్టు పక్షమున నాలుగు టెస్టులాడిన రమణ్ లాంబా 1998 ఫిబ్రవరి 20న ఢాకాలో ఒక క్లబ్బు ఆటలో బ్యాట్స్‌మన్‌కు అతిసమీపమున ఫీల్డింగుకు నిలిచెను. ఓవరులో మిగిలినవి మూడే బంతులు. శిరస్త్రాణము పెట్టుకొమ్మని నాయకుడు సూచించినను, ఈ కొద్దిసేపటికెందుకని వలదనెను. బంతి వచ్చి తలకు తగిలెను. అతడు లేచెను, తన కాళ్ళతో తానే నడచి మైదానము వెలుపలికి పోయెను. ఆ తరువాత మెదడులో రక్తస్రావము బయటపడెను, మూడవనాడు మరణించెను. అప్పటికి అతని వయస్సు ముప్పదియెనిమిదేండ్లు. పుర్రెలోపల నెత్తురు మెల్లమెల్లగా చేరు గాయములలో ఇట్లు కొంతసేపు తేరుకొనినట్లు కనిపించుట వైద్యులెరిగిన సంగతియే. “మంచిగనే మాట్లాడిండు, నడిచిండు” అని తరువాత తల్లిదండ్రులు చెప్పుకొని ఏడ్చుట తప్ప, ఆ కొంతసేపటిని మనము వాడుకొననిచో వేరేమియు మిగులదు.

రెండవ దెబ్బ సంగతి అంతకంటె దారుణమైనది. 2011 జనవరిలో ఉత్తర ఐర్లండులో పాఠశాల రగ్బీ ఆడుచున్న పదునాలుగేండ్ల బాలుడొకడు తలకు దెబ్బ తగిలిన పిమ్మట ఆటలోనే కొనసాగి, మరల దెబ్బతిని, మైదానమున కూలిపోయి, మరణించెను. మొదటి గాయమునుండి తేరుకొనని మెదడునకు రెండవ గాయము తగిలినప్పుడు అది వాచి, ప్రాణము తీయవచ్చునని విచారణలో తేలెను. ఇట్టి మరణములు అరుదు. అయినను మొదటి దెబ్బకే వానిని బయట కూర్చుండబెట్టినచో తప్పించుకొనదగినవి గావున, వీని విషయమున అరుదు అను మాట ఓదార్పు కాజాలదు.

ఇక ఆటగాని బాధ్యత యను ప్రశ్నకు వత్తును. “నీ తల నీవు చూచుకొనవలె” అని ఆటగానికి చెప్పుట సులభము. మోకాలు బెణికినవానికి ఆ నొప్పిని తెలియజెప్పుటకు మెదడున్నది. మెదడే దెబ్బతిన్నప్పుడు ఆ వార్తను చెప్పుటకు దేహమున మరియొక అవయవము లేదు. దెబ్బతిన్నవాడు “నేను ఆడగలను” అని చెప్పు మాటకు, ఆ ఘడియలో, సాక్ష్యముగా విలువ లేదు. కావున బాధ్యత మొదట ఎదుటివానిది, పిదప తోటివానిది, చిట్టచివర మాత్రమే దెబ్బతిన్నవానిది. ఎదుటివాడు పట్టినప్పుడు మెడమీదికి, తలమీదికి పోకుండ పట్టవలెను. తోటివాడు తన ప్రక్కవాని కన్నులలోనికి చూచి, తడబాటు కనబడినచో రెఫరీకి చెయ్యెత్తి చూపవలెను. దెబ్బతిన్నవాడు తోటివాని మాటకు లోబడి గీత దాటి బయటకు రావలెను. ఇందులో మూడవది కష్టము. కాని మొదటి రెండును సరిగా జరిగినచోట మూడవది దానంతట అదే జరుగును.

రగ్బీ ఈ పాఠమును ఆలస్యముగా, మిక్కిలి మూల్యము చెల్లించి నేర్చుకొన్నది. 2003లో ప్రపంచకప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులోని స్టీవ్ థాంప్సన్, నలుబదిరెండేండ్ల వయస్సుననే మతిమరపు వ్యాధికి లోనై, తాను ఆ కప్పు గెలిచిన సంగతియే తనకు జ్ఞాపకము లేదని 2020 డిసెంబరులో లోకమునకు చెప్పెను. తోటి క్రీడాకారులతో కలిసి, తమను కాపాడలేదని క్రీడాసంస్థలపై న్యాయపోరాటమునకు దిగెను. తలదెబ్బ అనుమానము కలిగినవానిని వెలుపలికి తీసికొనిపోయి వైద్యునిచే పరీక్ష చేయించు పద్ధతిని రగ్బీలో 2012లోనే మొదలిడిరి. 2023లో ఇంగ్లండునందలి సామాన్య క్లబ్బుల, పాఠశాలల ఆటలో పట్టు ఎత్తును రొమ్ముటెముక దిగువకు దించిరి. ఆట మెత్తబడిపోవునని గగ్గోలు పెట్టినవారును లేకపోలేదు. అదే యేడు బ్రిటనులో సామాన్య క్రీడాకారులందరికి ఒక నియమమును ప్రకటించిరి: తలకు దెబ్బ తగిలినవాడు కనీసము ఇరువదియొక దినములు గడువక మునుపు పోటీలోనికి దిగరాదు.

మన కబడ్డీకి ఈ విషయమున ఒక గొప్ప సౌకర్యము ఉన్నది. దానిని మనము గుర్తింపలేదు. జట్టులో పన్నెండుగురు, బరిలో ఏడుగురు. అయిదుగురు ఎప్పుడును వెలుపల సిద్ధముగా కూర్చుండియుందురు, రెఫరీ అనుమతితో మార్చుకొనవచ్చును. అంతర్జాతీయ క్రికెటులో తలదెబ్బ తగిలినవాని స్థానమున మరియొకడు ఆడుటకు 2019 వరకు నియమమే లేకుండెను. మనకట్టి అడ్డంకి లేదు. కాళ్ళతో కత్తెరవేసి పట్టుటను, నోరు మూయుటను, గాయము చేయు మొరటు పట్టును నియమములు ఇదివరకే నిషేధించినవి. హెచ్చరించుటకు, బయటకు పంపుటకు రెఫరీ చేతిలో కార్డులున్నవి. లేనిదల్లా వానిని పైకెత్తు అలవాటు. ఊరి పోటీలో రెఫరీ తరచుగా ఆ ఊరి వ్యాయామోపాధ్యాయుడో, ఒకనాటి ఆటగాడో. ఊరి జట్టువానిని బయటకు పంపినచో రాత్రి ఇల్లు చేరుట కష్టమని వాని భయము. ఆ భయమును తొలగింపవలసినవారు నిర్వాహకులు.

ఆటగాడెందుకు దాచును? దీనికి సమాధానము మనస్సున్నవారికి తెలిసినదే. డిగ్రీ చదువుచు, సెలవులలో కూలికిపోవు యువకునకు జిల్లా జట్టులో చోటు అనగా క్రీడాకోటా ఉద్యోగమునకు దారి. 2014లో ప్రొ కబడ్డీ ఆరంభమై తెలుగు టైటాన్స్ అను జట్టు వెలసినది మొదలు, టీవీలో తన పేరు వినబడవలెనను ఆశయు తోడైనది. ఒక్క ఆట బయట కూర్చుండినచో ఆ చోటు వేరొకని పాలగునని వాని బెంగ. వానిని నిందించుటకు నాకు నోరు రాదు. ఆ చోటును వానికై నిలిపియుంచెదమని జట్టు నాయకుడును, శిక్షకుడును ముందుగనే మాట యిచ్చినచో, వాడు దాచవలసిన పనియే యుండదు.

వైద్యము పూర్వమంత దూరము లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి; బీబీనగరులో ఎయిమ్స్ ఉన్నది. అయినను నడిరేయి, దేవరకొండ గుట్టలలోని తండానుండియో, అచ్చంపేట అడవి అంచునుండియో బయలుదేరినవానికి ప్రతి నిమిషమును విలువైనదే. ఆ నిమిషములు ఆటను ఆపుటకు వెనుకాడుటలో పోరాదు.

రాబోవు సంక్రాంతికి బరి గీయనున్న యువజన సంఘములవారికి నా విన్నపము ఇది. ఆట మొదలిడుటకు ముందు ఇరుజట్ల నాయకులను మైకువద్దకు పిలిచి, తలకు దెబ్బ తగిలిన ఆటగాడు ఆ రోజు మరల బరిలోనికి రాడని వారిచేతనే చెప్పింపుడు. లాబీ చుట్టు నాలుగడుగుల మేర బల్లలు, గుంజలు లేకుండ చూడుడు. దెబ్బతిన్నవానిని ఒంటరిగా బండిమీద ఇంటికి పంపకుడు. ఆ రాత్రి వానివద్ద ఒకరు మేలుకొనియుండుడు. వాంతులు, మగత, మాట తడబాటు, కాలుసేతుల బలహీనత, ఎక్కువగుచున్న తలనొప్పి, వీనిలో ఏది కనిపించినను ఆట ముగియువరకు ఆగక వెంటనే 108కు ఫోను చేయుడు.