పదకొండో రోజు దాటాక ఆ గడప తొక్కండి

ఊళ్లో ఒక రైతు ఉన్నట్టుండి పోతాడు. అప్పుల బాధలో ప్రాణం తీసుకుని కావచ్చు, మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టి కావచ్చు, పాము కరిచి కావచ్చు. ఆ రోజు ఊరంతా ఆ వాకిట్లోనే ఉంటుంది. పదకొండో రోజు దాటిందా, పలకరించే దిక్కుండదు. అప్పులవాళ్లు వచ్చేదీ, చేలో పైరు పాడయ్యేదీ అప్పుడే.

చావింటి నుంచి కదిలేటప్పుడు 'వెళ్లొస్తాం' అనకూడదని పెద్దల మాట. సరే, అనకండి. కానీ మళ్లీ వెళ్లండి.

ఏం మాట్లాడాలి?

'ఎందుకు చేశాడు? మీకు ముందే తెలియలేదా?' అని తరచి అడగొద్దు. ఆ ఇల్లాలు ఆ ప్రశ్న రోజూ తనను తాను వేసుకుంటూనే ఉంటుంది. 'ఆమె పోరు పడలేకే' అన్న మాట రచ్చబండ దగ్గర వినబడితే అక్కడే ఆపించండి. ఆత్మహత్యకు కారణం ఏ ఒక్కటో కాదు. పోయినవాడి పేరెత్తడానికి జంకొద్దు. ఆమె ఏడిస్తే ఏడవనీయండి. పిల్లలకు 'నాన్న ఊరెళ్లాడు' అని అబద్ధం చెప్పొద్దు. చనిపోయాడని, అందులో వాళ్ల తప్పేమీ లేదని మెల్లగా చెప్పాలి. బడి మాన్పించకుండా చూడాలి.

చేను ఆగదు

నాట్లకు, కలుపులకు ఒకరికొకరం బదులుకు పోతుంటాం. ఈ ఏడు ఆ చేనూ మీ లెక్కలో వేసుకోండి. నలుగురు తలా ఒక పూట ఇస్తే పత్తి తీత ఆగిపోదు.

కాగితాలకు తోడు

మరణాన్ని 21 రోజుల్లోగా పంచాయతీలో నమోదు చేయించాలి. ఆత్మహత్య అయితే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక నకళ్లు, పాసుపుస్తకం, అప్పు కాగితాలు భద్రం చేయించండి. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల చావులు చూశాం. తరువాత 2004లో వచ్చిన 421 నంబరు జీవో ప్రకారం ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకులు విచారించి ధ్రువీకరించాలి. సాయం మొత్తం రెండు రాష్ట్రాల్లో వేర్వేరు. తెలంగాణలో 2018లో పెట్టిన రైతు బీమాలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో పోయినా నామినీకి రూ.5 లక్షలు. వివరాలు మండల వ్యవసాయాధికారిని అడగండి. ఆమెను ఒంటరిగా తిప్పొద్దు, చదువొచ్చినవాళ్లు ఒకరు వెంట వెళ్లండి.

కనిపెట్టి ఉండండి

ఇంట్లో ఎవరైనా తిండి, నిద్ర మానేసి 'నేనూ పోతా' అంటే మాటవరసకు అన్నారని వదిలేయొద్దు. ఒంటరిగా ఉంచొద్దు. మిగిలిన పురుగుమందులు ఆ ఇంట్లో లేకుండా చేయండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 14416 నంబరుకు ఏ వేళ చేసినా టెలి మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

నిరుడో, ముందటేడో మనిషి పోయిన ఇల్లు మీ ఊళ్లోనూ ఉంటుంది. ఈ వారం పొద్దుగూకాక ఒకసారి వెళ్లి కూర్చోండి. చేతిలో ఏమీ లేకపోయినా ఫర్వాలేదు.