అరుదైన పుస్తకం ఏది?

అరుదైన గ్రంథం అనగానే మనవాళ్ళకు తాటాకుల కట్టే గుర్తుకొస్తుంది. ఈ బొమ్మ అబద్ధం కాదు గాని, సగమే నిజం.

ముస్తాబాద్‌లో తెలుగు పాఠాలు చెప్పుకునే నేను కొన్నేళ్ళ క్రితం ఒక వ్యాసం కోసం ఓ కథను అది మొదట అచ్చయిన పత్రికలోనే చదవాలని బయలుదేరాను. సంపుటిలో చేర్చేటప్పుడు రచయిత ముగింపు మార్చాడని విన్నాను. ఒక గ్రంథాలయంలో ఆ ఏటి సంచికలు బైండు చేసి ఉన్నాయి. తెరవగానే పేజీ మూల విరిగి అరచేతిలో రాలింది. అంతకన్నా ఘోరం, బైండు చేసినవాడు అట్టలన్నీ చించి పారేశాడు. ఏ నెల సంచికో, వెల ఎంతో, ఏ ప్రెస్సులో అచ్చయిందో తెలిసే దారి లేదు.

విమర్శకు ఈ వివరాలు చిల్లర విషయాలు కావు. 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చింది 1950లో; అందులోని గీతాలు ఎక్కువగా 1930ల నాటివి. పుస్తకం తేదీనే పట్టుకుని ఆ గీతాలకు నేపథ్యం వెతికితే యుద్ధానికి ముందటి సమాజాన్ని వదిలేసి స్వాతంత్ర్యం తర్వాతి సమాజంలో వెతుకుతాం.

తాటాకుకు నూనె పట్టించి పురుగు చేరకుండా చూస్తే వందల ఏళ్ళు నిలుస్తుంది. న్యూస్‌ప్రింటు అట్లా కాదు. కర్రగుజ్జులోని లిగ్నిన్ వెలుతురుకు పసుపుబారుతుంది, ఆమ్లం కాగితం పోగులను తెంపుతుంది. మంచి కాగితం కొనలేని పత్రిక, అంటే మన పత్రికే, ముందుగా పొడి అవుతుంది. కాబట్టి వేమన తాటాకు ప్రతి ఇంకా మిగిలి ఉండగానే 1970ల నాటి మన కరపత్రం మాయం కావచ్చు.

ప్రత్యేక సేకరణల లైబ్రేరియన్‌ను మనం తాళంచెవి పట్టుకున్న కాపలాదారు అనుకుంటాం. సి.పి. బ్రౌన్ కడపలో పండితులకు జీతాలిచ్చి చేయించిన పని గుర్తుచేసుకుందాం. ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. (ఆయన కంపెనీ ఉద్యోగి అన్న సంగతి మరవక్కర్లేదు, చెయ్యి నొప్పిపుట్టేలా రాసిన ఆ పండితులను మనం తలుచుకోకపోవడమే అన్యాయం.) ఆ పని విమర్శలో భాగమే. ఈనాటి లైబ్రేరియన్ పత్రికల విషయంలో చేయవలసిందీ అదే. అట్టలు, ప్రకటనలు పోనివ్వకూడదు. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకూడదు, దాని జిగురు కాగితాన్ని మరింత పాడుచేస్తుంది. ఆమ్లం లేని అట్టపెట్టెలో పెట్టాలి. మార్జిన్‌లో పాఠకుడు రాసుకున్న మాటలను కూడా జాబితాకెక్కించాలి.

1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకాన్నీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు గ్రంథాలయాలకూ ఒక్కొక్క ప్రతి పంపాలి; 1956లో పత్రికలను కూడా ఇందులో చేర్చారు. మనలో ఎందరం పంపాం? పంపని సంచికలు అటకల మీది ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి. ఇంటి పెద్ద పోయాక అవి తూకానికి పోతాయి.

మొన్న మా ఊళ్ళో ఒక మిత్రుడి అటక మీది నుంచి అటువంటి పెట్టె ఒకటి దింపాం. సగం చెదలపాలైంది. మిగిలినవాటిలో పదకొండు సంచికలకు అట్టలున్నాయి. లోపలి పేజీ ఏదీ తిప్పకుండా, ముందు వాటి నెలా, వెలా, ప్రెస్సు పేరూ రాసుకున్నాను.