వాచ్‌లో హెచ్‌ఆర్‌వీ తగ్గిందా? కంగారు పడే ముందు ఇది తెలుసుకోండి!

గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోందంటే సరిగ్గా సెకనుకోసారి అని కాదు. బీట్‌కీ బీట్‌కీ మధ్య గ్యాప్ కొన్ని మిల్లీసెకన్లు అటూ ఇటూ మారుతుంది. ఈ తేడానే హార్ట్ రేట్ వేరియబిలిటీ.. అంటే హెచ్‌ఆర్‌వీ. శరీరం రిలాక్స్‌గా ఉంటే ఈ తేడా పెరుగుతుంది, ఒత్తిడిలో ఉంటే తగ్గుతుంది. నిద్రలేమి, జ్వరం, మద్యం, పెరిగే వయసు కూడా దీన్ని తగ్గిస్తాయి. అందుకే పక్కవాళ్ల నంబర్‌తో పోల్చుకోవద్దు. ఒక్కరోజు తగ్గినా భయం లేదు. మీ సగటు కంటే వరుసగా కొన్ని రోజులు తక్కువగా ఉంటేనే పని భారం తగ్గించుకుని, త్వరగా పడుకోండి. నిమిషానికి 6 సార్లు చొప్పున 5 నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం వాచ్ చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.