విషజ్వరాలలో ప్రాణాపాయం ఎందుకు కలుగుతుంది?

2020లో కరోనా వ్యాధి ప్రబలినది మొదలు వైద్యులను ప్రజలు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది: "వ్యాధినిరోధక శక్తి పెరగడానికి ఏమి వాడాలి?" తిప్పతీగ, అశ్వగంధ, ఉసిరిక, పసుపు, వీటిలో ఏదో ఒక పేరు చెప్పి పంపివేయడం వైద్యునికి సులువే. కాని ఈ ప్రశ్న వెనుక ఒక అపోహ ఉన్నది. నిరోధక శక్తి గాదెలోని ధాన్యం వంటిదనీ, ఎంత నింపితే అంత మేలనీ చాలామంది భావిస్తున్నారు. వాస్తవం అది కాదు. తీవ్రమైన విషజ్వరాలలో రోగి ప్రాణం నిలవడమన్నది ఆ శక్తి ఏ వేళకు మేల్కొన్నది, ఎంత మేరకు పనిచేసింది, పని ముగియగానే శాంతించిందా లేదా అన్నవాటి మీద ఎంతో ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి గృహస్థులకు తెలియకపోవడం వలన జరుగుతున్న అనర్థాలు చిన్నవి కావు.

తొలి కేక

ఊరిలో దొంగలు పడితే మొదట చూసినవాడు కేక వేస్తాడు. ఆ కేక విని ఇరుగుపొరుగువారు తలుపులు బిగించుకుంటారు. మన దేహకణాలలోనూ ఇట్టి ఏర్పాటే ఉన్నది. వైరస్ సోకిన కణం కొన్ని మాంసకృత్తులను బయటికి విడుస్తుంది. వాటిని అందుకున్న చుట్టుపక్కల కణాలు తమలో వైరస్ వృద్ధి చెందకుండా కట్టుదిట్టం చేసుకుంటాయి. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రజ్ఞులు కోడిగ్రుడ్డు పొరల మీద ఇన్‌ఫ్లూయెంజా వైరస్‌తో ప్రయోగాలు చేస్తూ ఈ పదార్థాన్ని కనుగొని దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. ఇట్టి సందేశవాహక పదార్థాలన్నింటినీ కలిపి సైటోకైన్లు అంటారు. ఇంటర్‌ఫెరాన్ వాటిలో తొలి కేక వంటిది. తరువాత వచ్చే ఇంటర్‌ల్యూకిన్లు మొదలైనవి తెల్లకణాల దండును పిలుచుకొని వస్తాయి. రక్తనాళాల గోడలను సడలించి ఆ దండుకు దారి ఇస్తాయి.

జ్వరం కూడా ఈ సందేశాల ఫలితమే. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 వంటివి మెదడులోని ఉష్ణనియంత్రణ కేంద్రాన్ని కదిలించి వేడిని పెంచుతాయి. ఒళ్ళునొప్పులు, అరుచి, మగత, లేవలేని నీరసం కూడా చాలావరకు వీటి వలన కలిగేవే. జ్వరం వచ్చినవానికి అన్నం సహించకపోవడం దేహం తానుగా పెట్టుకున్న పథ్యమన్నమాట. నవజ్వరంలో లంఘనం, అనగా ఉపవాసం లేదా లఘుభోజనం చేయించమని చరకాచార్యులు చెప్పిన దానిని నేను ఈ వెలుగులోనే చూస్తాను. అయితే లంఘనమంటే నీళ్ళు మాన్పించడం కాదు. ఈ పొరపాటు మన ఇళ్ళలో పెద్దలు నేటికీ చేస్తూనే ఉన్నారు.

తొలి కేక వినపడకపోతే

కరోనా వైరస్‌కు ఒక దుష్ట నైపుణ్యం ఉన్నది. తాను ప్రవేశించిన కణం కేక వేయకుండా అది నోరు నొక్కుతుంది. ఆరోగ్యవంతుడైన యువకునిలో ఆ నొక్కుడు ఎంతోసేపు సాగదు. వృద్ధులలో మాత్రం ఈ తొలి సందేశం సహజంగానే మందగించి ఉంటుంది. మరికొందరి రక్తంలో తమ ఇంటర్‌ఫెరాన్‌నే నిర్వీర్యం చేసే ప్రతిదేహాలు ముందునుంచే ఉన్నాయని 2020లో బయటపడింది. ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది కరోనా రోగులను పరీక్షించగా 101 మందిలో ఇవి కనబడ్డాయి. వారిలో 95 మంది పురుషులు. వ్యాధి స్వల్పంగా వచ్చినవారిలోనూ, లక్షణాలే లేనివారిలోనూ కలిపి 663 మందిని చూస్తే ఒక్కరిలోనూ లేవు. ఒకే ఇంట్లో అందరికీ సోకినప్పుడు భార్య నాలుగు రోజులలో లేచి తిరగడం, దృఢకాయుడైన భర్త ఆసుపత్రి పాలు కావడం ఆ రోజుల్లో ఎన్నో కుటుంబాలు చూశాయి. అట్టి సందర్భాలలో కొన్నింటికైనా ఇది సమాధానం.

తొలి కేక వినపడకపోతే వైరస్ వారం రోజులపాటు యథేచ్ఛగా వృద్ధి చెందుతుంది. అప్పుడు ఆలస్యంగా మేల్కొన్న రక్షణ వ్యవస్థ ఒక్కపెట్టున విరుచుకుపడుతుంది. ఊరంతా కర్రలు పట్టుకొని చీకట్లో దొంగలనూ ఇంటివారినీ కలిపి బాదినట్లు ఊపిరితిత్తుల సున్నితమైన గదులు దెబ్బతింటాయి. రక్తనాళాల నుండి ద్రవం ఊరి ఆ గదులను నింపుతుంది. రక్తం సన్నని నాళాలలో గడ్డకడుతుంది. దీనినే పత్రికలు సైటోకైన్ తుఫాను అన్నాయి. 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజాలో కోటిమందికి పైగా భారతీయులు మరణించారు. నాడు ఇరవై, నలభై ఏళ్ళ నడిమి వయస్కులు అధికంగా పోవడం లోకాన్ని ఆశ్చర్యపరిచింది. ఆ వైరస్‌ను పునర్నిర్మించి 2007లో కోతులపై ప్రయోగించినప్పుడు వాటి రక్షణ సందేశాలు అదుపు తప్పడం కనబడింది.

మందు ఒకటే, వేళ వేరు

వేళకున్న ప్రాధాన్యం ఎంతటిదో 2020లో బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరిశోధన అంకెలతో చూపింది. డెక్సామెథసోన్ ఈ రక్షణ సందేశాలను అణచివేసే స్టెరాయిడ్. చౌకయైన పాత మందు. దానిని రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పది రోజులకు మించకుండా ఇచ్చారు. కృత్రిమ శ్వాస యంత్రంపై ఉన్నవారిలో 28 రోజులలో సంభవించిన మరణాలు నూటికి 41 నుండి 29కి తగ్గాయి. ఆక్సిజన్ పెట్టవలసివచ్చిన వారిలోనూ కొంత మేలు కలిగింది. ఆక్సిజన్ అవసరమే లేనివారికి మాత్రం మేలు కలుగలేదు. అంకెలు కాస్త కీడు వైపే మొగ్గాయి. మందు అదే, మోతాదు అదే. వైరస్‌తో పోరు సాగుతున్న దశలో సందేశాలను అణచితే శత్రువుకు సాయం చేసినట్లు; పోరు ముగిసినా సైన్యం శాంతించని దశలో అణచితే ప్రాణం కాపాడినట్లు.

దీనికి సరిగా ఎదురుదిక్కున ఇంటర్‌ఫెరాన్ అనుభవం ఉన్నది. ఆసుపత్రిలో చేరిన తరువాత ఇంటర్‌ఫెరాన్ బీటా ఇచ్చి చూస్తే మరణాలు తగ్గలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆధ్వర్యంలో జరిగిన పరిశోధనలో తేలింది. బ్రెజిల్, కెనడాలలో ఇంటర్‌ఫెరాన్ లామ్డా అనే మరొక రకాన్ని లక్షణాలు మొదలైన వారం లోపల ఒక్క ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఆసుపత్రి అవసరం పడినవారు నూటికి 5.6 నుండి 2.7కు తగ్గారని 2023లో ప్రకటించారు. రెండు మందులూ ఒకటి కావు కనుక ఈ పోలికను మరీ సాగదీయరాదు. అయినా కేక వేయవలసిన వేళలో వేస్తేనే ఫలమన్న విషయం వీటిలో కనబడుతున్నది.

మరి 2021 వేసవిలో మన ఇళ్ళలో జరిగినదేమిటి? రెండవరోజు జ్వరానికే చేతికందిన చీటీలోని స్టెరాయిడ్ మాత్రలు మింగినవారు ఎందరో! చక్కెరవ్యాధి ఉన్నవారిలో చక్కెర ఆకాశాన్నంటింది. అదుపు తప్పిన చక్కెర, అడ్డూ అదుపూ లేని స్టెరాయిడ్ వాడకం తోడై నల్ల ఫంగస్ విజృంభించింది. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దానిని తప్పక నమోదు చేయవలసిన వ్యాధిగా ప్రకటించవలసివచ్చింది. మా వైద్యంవారు మాత్రం తక్కువ తిన్నారా? పూటకు రెండు కషాయాల చొప్పున శొంఠి, మిరియాలు మరిగించి త్రాగి, కడుపులో మంటతో నా వద్దకు వచ్చినవారు పలువురు. తరుణజ్వరంలో, అనగా జ్వరం క్రొత్తగా ఉన్న దశలో, వగరు ప్రధానమైన కషాయద్రవ్యాలను చరకుడు నిషేధించాడు. దోషాలు పక్వం కాకముందే స్తంభిస్తాయని ఆయన చెప్పిన కారణం. ఏ రోజున ఏది ఇవ్వవలెనన్నదే ఆ అధ్యాయానికి ప్రాణం. దానిని వదలి మూలికల పేర్లు మాత్రం పట్టుకోవడం ఆయుర్వేదం కాదు.

వ్యాధిక్షమత్వం అన్న మన శాస్త్రపదాన్ని కూడా ఒకసారి పరికించాలి. వ్యాధి బలాన్ని ఎదిరించడం, వ్యాధి పుట్టకుండా అడ్డుకోవడం అని చక్రపాణిదత్తుడు దానికి రెండు అంశాలు చెప్పాడు. క్షమ అన్న మాటకు సామర్థ్యమనీ, ఓర్పు అనీ రెండర్థాలున్నాయి. నేటి శాస్త్రజ్ఞులు కూడా శత్రువును చంపే శక్తిని, ఆ పోరాటపు నష్టాన్ని ఓర్చుకొనే శక్తిని వేరువేరుగా లెక్కిస్తున్నారు. "ఇమ్యూనిటీ" అని మనం ఇళ్ళలో వాడుతున్న మాటలో ఈ రెండవది పూర్తిగా జారిపోయింది.

డెంగ్యూ: జ్వరం దిగిన రోజు

కరోనా సంగతి అటుంచితే, ప్రతి వానాకాలం మన ఊళ్ళలో ఈ సందేశాల దెబ్బ తగిలేది డెంగ్యూలో. డెంగ్యూ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గిన తరువాత మరొక రకం సోకితే, పాత ప్రతిదేహాలు దానిని చంపలేక, పైగా అది తెల్లకణాలలో ప్రవేశించడానికి తోడ్పడవచ్చు. అందుచేతనే రెండవసారి వచ్చిన డెంగ్యూ ఒక్కొక్కప్పుడు ఎక్కువ ప్రమాదకరమవుతుంది. సందేశవాహకాల ఉధృతి వలన, వైరస్ విడిచే ఒక మాంసకృత్తి వలన సన్నని రక్తనాళాల లోపలి పూత చెడి, రక్తంలోని నీరు కడుపులోనికీ రొమ్ములోనికీ ఊరిపోతుంది. ఈ ఊట సాధారణంగా మూడవ రోజుకూ ఏడవ రోజుకూ నడుమ, సరిగ్గా జ్వరం దిగే వేళకు మొదలై ఒకటి రెండు రోజులు సాగుతుంది.

కొన్నేళ్ళ క్రితం భాద్రపదమాసంలో ఒక తల్లి పదకొండేళ్ళ కుమారుని వెంటబెట్టుకొని వచ్చింది. "అయ్యగారూ, రాత్రే జ్వరం దిగిపోయింది. ఆకలి పుట్టడానికి ఏదైనా ఇవ్వండి" అన్నది. ఆ పిల్లవాని చేతులు, పాదాలు చల్లగా ఉన్నాయి. నాడి దారంలా సన్నగా, మిక్కిలి వేగంగా నడుస్తున్నది. తెల్లవారినది మొదలు మూత్రం రాలేదు. కడుపు పట్టుకొని ముడుచుకున్నాడు. మందు ఇవ్వలేదు. ఆటో పిలిపించి ఆసుపత్రికి పంపించాను. రెండు రోజులు లెక్క ప్రకారం సెలైన్ ఎక్కించగా కోలుకున్నాడు. అంతకంటె గొప్ప చికిత్స ఏదీ జరుగలేదు. సకాలంలో ఈ ద్రవచికిత్స అందితే డెంగ్యూ మరణాలు నూటికి ఒకటికి లోపే ఉంటాయి. సుశ్రుత సంహితలో అభిన్యాసమనే సన్నిపాతజ్వర వర్ణన ఉన్నది. దేహం మరీ వేడిగానూ ఉండదు, మరీ చల్లగానూ ఉండదు, స్పృహ మందగిస్తుంది, స్వరం క్షీణిస్తుంది. అది డెంగ్యూయే అని చెప్పడం నాకు సమ్మతం కాదు. కాని వేడి లేనంత మాత్రాన జ్వరరోగి క్షేమంగా ఉన్నాడనుకోరాదని పూర్వులు ఎరిగినదే.

ఇక ప్లేట్‌లెట్లు. ఇంటిల్లిపాదీ ఆ సంఖ్యనే జపిస్తూ బొప్పాయి ఆకు రసం పోస్తూ కూర్చుంటారు. రక్తస్రావం లేనప్పుడు సంఖ్య తగ్గిందని మాత్రమే ప్లేట్‌లెట్లు ఎక్కించడం వలన ప్రయోజనం లేదని సింగపూర్, మలేషియాలలో జరిగి 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది. చూడవలసినది రక్తం చిక్కబడుతున్నదా అన్నది. దానిని హెమటోక్రిట్ పరీక్ష చెప్తుంది. ఊట ఆగిన తరువాత ఆ నీరు తిరిగి రక్తంలోనికి వస్తుంది కనుక అప్పుడు సెలైన్ అతిగా ఎక్కించినా ఊపిరితిత్తులకు చేటే. ఇక్కడ కూడా వేళదే పెత్తనం.

ఇంటివారు గమనించవలసినవి

జ్వరం మొదలైన తేదీని కాలెండరు మీద వ్రాసి ఉంచండి. వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న అదే. నొప్పులకు ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వంటివి స్వయంగా వాడవద్దు. డెంగ్యూ అయితే రక్తస్రావానికి దారితీస్తాయి. పారాసెటమాల్ వైద్యుడు చెప్పిన మేరకే. గంజి, పలుచని మజ్జిగ, ఓఆర్ఎస్ ద్రవం కొద్దికొద్దిగా పలుమార్లు ఇవ్వాలి. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, చందనం, కురువేరు, శొంఠి వేసి కాచిన షడంగపానీయం జ్వరంలో దాహానికి మంచిది. అది త్రాగే నీరే కాని వైరస్‌ను చంపే మందు కాదు. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి రక్తం, నల్లని విరేచనం, ఆరుగంటలపాటు మూత్రం రాకపోవడం, చల్లని చేతులు, మగత, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. దగ్గు, ఆయాసంతో కూడిన జ్వరమైతే వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు 94కు తగ్గినా అంతే.

జ్వరం పోయిన తరువాత కూడా ఈ సందేశాలు పూర్తిగా సద్దుమణగడానికి రోజులు, ఒక్కొక్కరికి వారాలు పడుతుంది. బలం వచ్చేవరకు వ్యాయామం, ప్రయాణం, గురుభోజనం మానమని శాస్త్రం చెప్పింది అందుకే. మొదట పెసరకట్టుతో మెత్తని అన్నం, తరువాత ఆకలి నిలకడగా పుట్టుతున్నదని రూఢి అయినాక నెయ్యి, పాలు. చ్యవనప్రాశ వంటి రసాయనాలకు అప్పుడే వేళ. అదీ చక్కెరవ్యాధి లేనివారికి, ఉదయం ఒక చెంచాతో మొదలుపెట్టి.