బాంబులు వేసింది ఒక్కసారే!
కోలారు నుంచి బర్మా దాకా... లిబరేటర్ పైలట్ల కథ

కోలారు: ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడం. ములబాగిలు, శ్రీనివాసపురం వైపు ఎవరిని పలకరించినా రెండు భాషలూ వినిపిస్తాయి. చిత్తూరు, మదనపల్లె జనానికి కోలారు పరాయి ఊరేం కాదు. ఈ పేరు చెప్పగానే గుర్తొచ్చేవి బంగారు గనులే. అయితే రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఇక్కడో బడి నడిచింది. నాలుగు ఇంజిన్ల బాంబర్ నడపడం నేర్పిన బడి అది. పేరు 1673 హెవీ కన్వర్షన్ యూనిట్. బ్రిటిష్ వైమానిక దళానిది.

అందులోని సిబ్బందితోనే 1944 నవంబరు 8న కోలారులో 358 స్క్వాడ్రన్ పుట్టింది.

కొత్తగా చదువు

అప్పటిదాకా ఇక్కడి బ్రిటిష్ స్క్వాడ్రన్లు నడిపింది ఎక్కువగా వెల్లింగ్టన్ బాంబర్లు. వాటికి రెండే ఇంజిన్లు, రెక్కల మీద గుడ్డ తొడుగు, తోక కింద చక్రం. అమెరికా నుంచి వచ్చిన లిబరేటర్ తీరే వేరు. రెక్కల పొడవు 110 అడుగులు. ముక్కు కింద చక్రం. దింపే పద్ధతి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. బరువెక్కితే చెప్పిన మాట వినదు. గంటల తరబడి పట్టుకుంటే పైలట్ భుజాలు పడిపోయేవి.

పెట్రోలుతో మరో తంటా. ఎంత మిగిలిందో చూడాలంటే పైలట్ల వెనకున్న గాజు గొట్టాలే దిక్కు. ఒక ట్యాంకు నుంచి మరో ట్యాంకుకు తోడుతుంటే ఆవిరి కమ్ముకునేది. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే బాంబు తలుపులు కాస్త తెరిచిపెట్టుకుని ఎగిరేవారు.

శత్రువు కన్నా దూరమే భయం

శిక్షణలో అసలు పాఠం పెట్రోలు పొదుపు. ఈ లెక్క తేల్చిన వారిలో 159 స్క్వాడ్రన్ అధిపతి వింగ్ కమాండర్ జేమ్స్ బ్లాక్‌బర్న్ ముఖ్యులు. అనవసర బరువు తీసేయించి, ఇంజిన్లు ఎంత నెమ్మదిగా తిరిగితే ఎంత దూరం పోవచ్చో ఆయన ప్రయోగాలు చేశారు. 1944 అక్టోబరులో ఆ స్క్వాడ్రన్ విమానాలు మలయాలోని పెనాంగ్ రేవులో మైన్లు వేసి తిరిగొచ్చాయి. రానూపోనూ 3000 మైళ్లకు పైమాటే!

1945 జూన్ 15న వింగ్ కమాండర్ లూసియన్ ఎర్కొలానీ ముందుండి సయాం సింధుశాఖలో తోహో మారు అనే జపాన్ చమురు నౌకపై దాడి చేయించారు. వర్షాకాలం మబ్బుల్ని చీల్చుకుంటూ వెళ్లాలి. బర్మా కొండల మీది ఉరుము మబ్బులో చిక్కితే ఎంత పెద్ద విమానమైనా గాలిపటమే. ఎర్కొలానీకి కష్టం కొత్త కాదు. 1941లో బెర్లిన్ దాడి నుంచి తిరిగొస్తూ విమానం సముద్రంలో పడితే, రబ్బరు పడవలో రోజుల తరబడి కొట్టుకుపోయి బతికి బయటపడ్డారు. యుద్ధం తర్వాత వాళ్ల కుటుంబ ఫర్నిచర్ వ్యాపారం చూసుకున్నారు. 2010లో కన్నుమూశారు.

నేర్చింది ఒకటి, చేసింది ఒకటి

ఇక మన కోలారు స్క్వాడ్రన్ సంగతి. 1945 జనవరిలో బెంగాల్‌లోని దిగ్రీకి మారింది. జనవరి 13న మాండలేపై బాంబులు వేసింది. అంతే... అదే మొదలు, అదే చివర! ఆ నెలలోనే రహస్య విధులకు మళ్లించారు. బర్మా, సయాం, మలయా, ఇండోచైనాల్లో చీకటివేళ గూఢచారుల్నీ, సరుకుల్నీ పారాచూట్లతో దించడమే పని. వెన్నెల్లో కొండల నడుమ కొన్ని వందల అడుగుల ఎత్తుకు దిగి, నేల మీద మనవాళ్లు పెట్టిన చిన్న దీపాలు వెతకాలి. దొరక్కపోతే మోసుకెళ్లినదంతా వెనక్కి తేవాలి. బాంబులు వేయడానికి కోలారులో కూర్చిన దళం, మనుషుల్ని దించి రావడంతోనే యుద్ధం ముగించింది. 1945 నవంబరులో దాన్ని రద్దు చేశారు.

తిరిగి రానివాళ్లూ ఉన్నారు. ఈ ప్రాంతపు ఆకాశంలో కనబడకుండా పోయి, సమాధి దొరకని వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజి స్మారకంపై చెక్కారు.

మళ్లీ మన బెంగళూరుకే

లిబరేటర్ కథ యుద్ధంతో ముగియలేదు. మళ్లీ వాడకుండా పాడుచేసి కాన్పూరులో వదిలేసిన విమానాలకు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ ప్రాణం పోసింది. ఎగరడం మాట అటుంచి, కదలడమే గొప్ప అన్నట్టున్న వాటిని పైలట్ జంషెడ్ మున్షీ ఒక్కొక్కటిగా బెంగళూరుకు ఎగరేసుకొచ్చారు. అలా 42 విమానాలు బాగుపడ్డాయి. 1948 నవంబరులో భారత వాయుసేన 5వ స్క్వాడ్రన్ వాటితోనే మొదలైంది. 1968 దాకా సేవలందించాయి.

ఢిల్లీ పాలంలోని వాయుసేన మ్యూజియానికి వెళ్తే ఒక లిబరేటర్ కనిపిస్తుంది. దాన్ని చూసినప్పుడు కోలారు పేరు కూడా ఒకసారి తలచుకోవచ్చు. కుర్రాళ్లు ఆ నాలుగు ఇంజిన్లను అదుపులో పెట్టడం నేర్చుకున్నది ఈ ఊరి మీదుగానే మరి!