పలకల ఊళ్లో కథ రాయాలంటే

ఎన్నో తరాల తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దింది మార్కాపురం రాతి మీద. ఊరి చుట్టుపక్కల గనుల్లో దొరికే ఈ రాయి పొరలు పొరలుగా విడివడుతుంది. ఆ పొరను పలచగా చీల్చి, నునుపు చేసి, కొలతకు కోసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక గిరాకీ పడిపోయింది. ఇప్పుడు అదే రాయిని ఇళ్ల గోడలకు అందం కోసం అతికిస్తున్నారు. అయినా మార్కాపురం అనగానే ఇప్పటికీ గుర్తొచ్చేది పలకే.

పలక పట్టిన పిల్లలకు తోడుగా పెద్దబాలశిక్ష ఉండేది. 19వ శతాబ్దంలో పుదూరు సీతారామశాస్త్రి రాసిన బాలశిక్ష తర్వాతి కాలంలో పెరిగి పెద్దదైంది. అక్షరాలు, గుణింతాలు, చిన్న చిన్న మాటలు, ఆపైన వాక్యాలు. అంతవరకు దారి తిన్నగానే ఉంటుంది. చిక్కంతా ఆ తర్వాతే. గిద్దలూరులోనో కంభంలోనో ఓ డిగ్రీ చదివే అమ్మాయికి తన ఊరి సంగతి కథగా రాయాలనిపిస్తే ఏ పుస్తకం తెరవాలి? కథ రాయడం పుట్టుకతో రావాలే తప్ప నేర్పితే వచ్చేది కాదన్న మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. సంగీతానికి గురువు కావాలంటాం, నాట్యానికి కావాలంటాం, కథకు మాత్రం అక్కర్లేదంటాం. మొదటి కథ పత్రిక నుంచి తిరిగి రాగానే కలం పక్కన పెట్టేసినవాళ్లలో ఈ మాటను నమ్మి ఆగిపోయినవాళ్లు తప్పకుండా ఉంటారు.

ఆ నమ్మకాన్ని కదిలించే పుస్తకం వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం'. మదనపల్లెలో ఇంగ్లీషు అధ్యాపకుడిగా పనిచేసిన వల్లంపాటి (1937–2007) స్వయంగా కథలు, నవలలు రాసినవారు. దీనికి ముందే 'నవలాశిల్పం' తెచ్చారు. 'కథాశిల్పం'కు 2000లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పేరుకు విమర్శ గ్రంథమే కానీ, కొత్త రచయిత పెన్సిలు చేతబట్టుకుని చదవాల్సిన పుస్తకం. ఇతివృత్తం, పాత్రలు, నేపథ్యం, దృష్టికోణం వంటి భాగాలుగా కథను విడదీసి, ఏది ఏ పని చేస్తుందో చూపిస్తుంది. చిట్కాల కోసం తెరిచినవారికి ఇందులో చిట్కాలు దొరకవు. చదివిన కథను మళ్లీ చదివించడమే దీని పద్ధతి.

రాయడం మొదలుపెట్టినవారికి అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చేది దృష్టికోణం. కథ ఎవరి కళ్లతో చూస్తున్నాం అన్న ప్రశ్న. మార్కాపురం సంగతినే తీసుకుని చూడవచ్చు. ఒకప్పుడు ఇక్కడి పలకల పనిలో చిన్నపిల్లలు చాలామంది ఉండేవారు. 1986లో బాల కార్మిక చట్టం వచ్చింది. 1988లో దేశంలో తొలి విడతగా మొదలైన జాతీయ బాల కార్మిక ప్రాజెక్టుల్లో మార్కాపురం ఒకటి. ఊరూరి పిల్లలు రాసుకునే పలకను తయారుచేసిన పిల్ల బడి మొహం చూడలేదు. ఈ ఒక్క మాటతో కథ సిద్ధమైపోయిందని కొత్త రచయిత సంబరపడతాడు. నిజానికి అప్పటికి చేతికొచ్చింది ముడిసరుకు మాత్రమే.

అదే సంగతిని పదేళ్ల పిల్ల కళ్లతో చెబితే అందులో చట్టం ఉండదు, ప్రాజెక్టు ఉండదు, బీదరికం అన్న మాట కూడా ఉండదు. వేళ్ల సందుల్లో రాతి దుమ్ము ఉంటుంది. మూల విరిగిందని మేస్త్రీ పక్కన పడేసిన పలక ఉంటుంది. దాని మీద ఏం రాస్తారో ఆ పిల్లకు తెలియదు, డజనుకు ఎంత ఇస్తారో తెలుసు. తల్లి కళ్లతో చెబితే వారం కూలి, కొట్లో బాకీ, రాత్రిళ్లు పిల్ల దగ్గు ముందుకొస్తాయి. బడి పంతులు కళ్లతో అయితే హాజరు పట్టీలో ఒక పేరుకు ఎదురుగా వరసగా పడ్డ ఆబ్సెంట్లు. జరిగింది ఒకటే, కథలు మూడు. ఒకరి కళ్లను ఎంచుకున్నాక వాటికి కనిపించనిది రాయకుండా నిగ్రహించుకోవడమే అసలు కష్టం. పిల్ల చెబుతున్న కథలోకి రచయిత దూరి సెక్షన్లు వివరించడం మొదలుపెడితే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు.

ఇలా ఒక నియమం పెట్టుకుని దాని లోపలే రాయడం ఈ నేలకు కొత్త కాదు. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పేరున్న త్రిపురాంతకం ఇక్కడిదే. సుమారు 14వ శతాబ్దంలో రావిపాటి త్రిపురాంతకుడు అక్కడి స్వామి మీద 'త్రిపురాంతకోదాహరణం' రాశాడు. ఉదాహరణ కావ్యంలో ప్రథమ నుంచి సంబోధన దాకా ఒక్కో విభక్తికి ఒక పద్యం, ఒక కళిక, ఒక ఉత్కళిక ఉండాలి. వ్యాకరణ పాఠంలోని పట్టికనే స్తోత్రంగా మలచడమన్నమాట. అంత బిగువైన చట్రంలోనూ భక్తికి ఊపిరాడుతుంది. నియమం రచనను చంపేస్తుందని భయపడేవారు ఒకసారి దీన్ని చూడాలి.

శిల్పం పుస్తకం ఒక్కటే చదివి ఊరుకుంటే మాత్రం ఫలితం ఉండదు. పక్కన కథలు ఉండాలి. గురజాడ 1910లో 'ఆంధ్రభారతి'లో ప్రచురించిన 'దిద్దుబాటు'ను ఎలా ఎత్తుకున్నారో గమనించండి. ఉపోద్ఘాతం లేదు, వర్ణన లేదు. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన భర్త తలుపు కొడుతుంటాడు. పాఠకుడు అతనితోపాటే లోపలికి వెళ్తాడు, భార్య ఇంట్లో లేదని అతనితోపాటే అనుకుంటాడు. కాళీపట్నం రామారావు (కారా) 'యజ్ఞం' దారి పూర్తిగా వేరు. ఒక పాత అప్పు మీద జరిగే పంచాయతీలో మాట మీద మాట పేరుకుంటూ ఊరి ఆర్థిక చరిత్రంతా బయటికొస్తుంది. ఎవరు ఎప్పుడు నోరు విప్పారో, ఎవరు ఎంతసేపు మౌనంగా ఉన్నారో మార్జిన్‌లో గుర్తుపెట్టుకుంటూ చదివితే సంభాషణ రాయడం గురించి చాలా తెలుస్తుంది. కారా మాస్టారు కొత్త రచయితల కోసం 'కథాకథనం' కూడా రాశారు. 'కథాశిల్పం' పక్కన పెట్టుకోదగ్గ పుస్తకం అది.

మార్కాపురం ప్రాంతంలో రాయడానికి సంగతులకు లోటు లేదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివే. యాసలో, కరువులో, పంటల్లో రాయలసీమ పోలికలు ఇప్పటికీ కనిపిస్తాయి. గుండ్లకమ్మకు అడ్డుగా శతాబ్దాల కిందట కట్టిన కంభం చెరువు, శ్రీశైలం నీళ్లను తెచ్చేందుకు కొండల్లో తవ్విన వెలిగొండ సొరంగాలు, నల్లమల చెంచు గూడేలు, వలస వెళ్లిన ఇళ్లకు వేలాడే తాళాలు. బోరు వేయించిన రాత్రి ఒక ఇంట్లో ఎవరెవరు మెలకువగా ఉన్నారో రాస్తే చాలు, పాత్రలు వాటంతటవే మాట్లాడతాయి.

చదవాల్సిన కథలు ఎక్కడ దొరుకుతాయన్న బెంగ కూడా ఇప్పుడు తగ్గింది. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం పాత పత్రికల్లో చెల్లాచెదురుగా ఉన్న తెలుగు కథలను పోగుచేసింది. వాటిలో చాలా కథలు ఇంటర్నెట్‌లోనూ ఉన్నాయి. 'కథాశిల్పం'లో పేరు తగిలిన కథను గిద్దలూరులో కూర్చుని ఆ పూటే వెతికి చదువుకోవచ్చు.